పాత వాచీ ఇవ్వకపోతే ఎంత?

దసరా, దీపావళి దగ్గరపడుతున్నాయంటే వాచీల దుకాణాల ముందు ఒక బోర్డు వెలుస్తుంది. మీ పాత వాచీ తీసుకురండి, ఏ కంపెనీదైనా సరే, నడుస్తున్నా ఆగిపోయినా సరే, కొత్త వాచీ మీద ఇంత శాతం తగ్గిస్తాం అని దాని సారాంశం. ఆ మాట చదవగానే బీరువా సొరుగులో ఏళ్ల తరబడి పడి ఉన్న వాచీ గుర్తుకొస్తుంది. ఎలాగూ కట్టుకోవడం లేదు, ఇచ్చేస్తే నాలుగు డబ్బులు కలిసొస్తాయి కదా అనిపిస్తుంది. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. అయితే ఆ బోర్డు మీద ఉండవలసిన ఒక అంకె ఉండదు. అది మన పాత వాచీ వెల. ఆ అంకె తెలియనిదే బేరం లాభమో నష్టమో తేలదు. ఈ పూట నేను చెప్పదలచుకున్న విషయం ఇదే. పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం చూడడానికి ఒకే బేరంలా ఉంటుంది కానీ అందులో రెండు బేరాలున్నాయి. కొత్త వాచీ మనం కొంటున్నాం. పాత వాచీ మనం అమ్ముతున్నాం. ఈ రెండింటినీ విడదీసి లెక్క చూసుకున్నవారు తెలిసి నిర్ణయం తీసుకుంటారు. కలిపి చూసినవారికి తాము దేన్ని ఎంతకు వదులుకున్నదీ తెలియకుండానే బేరం ముగిసిపోతుంది.

వస్తుమార్పిడి మనకు కొత్త విద్య కాదు. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వీధిలోకి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆమె ప్రతి చీరా విప్పి వెలుతురుకు పట్టి చూస్తుంది. ఎక్కడ చిరిగింది, అంచు ఎలా ఉంది, ఇంకా ఎన్నాళ్లు కట్టవచ్చు అని లెక్క వేసుకుంటుంది. ఇంటావిడ గిన్నెను తిప్పి చూసి, అడుగు మందం తడిమి, ఇంకో చొక్కా వేస్తాను పెద్ద గిన్నె ఇవ్వమంటుంది. ఇద్దరూ రెండు వస్తువులనూ చూశాకే బేరం తెగుతుంది. బంగారం దుకాణంలో పాత గొలుసు మార్చినా అంతే. రాళ్ల బరువు తీసేసి తూకం వేస్తారు, మచ్చు చూస్తారు, తరుగు ఎంతో చెబుతారు, ఆ రోజు రేటు కడతారు. కొత్త నగ మజూరీ వేరుగా చూపిస్తారు. తరుగు ఎక్కువ వేశారని మనం పోట్లాడగలుగుతున్నామంటే, ఆ లెక్క మన కళ్లముందు ఉంది కాబట్టే. వాచీ మార్పిడిలో మాత్రం చాలాచోట్ల ఈ తూకం ఉండదు. వెనక మూత తీసి చూసేవారు లేరు, లోపల ఏ యంత్రం ఉందని అడిగేవారు లేరు. వాచీ ఏదైనా తగ్గింపు ఒక్కటే. వస్తువును చూడకుండా ధర కట్టే పద్ధతిని మనం చీరల దగ్గర ఒప్పుకోం, బంగారం దగ్గర ఒప్పుకోం. వాచీ దగ్గర ఎందుకు ఒప్పుకోవాలి?

ఇది తగ్గింపే కదా, అమ్మకం అని ఎందుకంటారు అని ఎవరైనా అడగవచ్చు. దీనికి చట్టమే జవాబు చెప్పింది. కేంద్ర జీఎస్టీ నియమావళి 2017లో వచ్చింది. అందులో 27వ నియమం, సరుకు వెలను పూర్తిగా డబ్బు రూపంలో చెల్లించని సందర్భాల గురించినది. అక్కడ ఇచ్చిన ఉదాహరణ చాలా సూటిగా ఉంది. పాత ఫోను తీసుకుని కొత్త ఫోనును 20,000 రూపాయలకు ఇచ్చారు. మార్పిడి లేకుండా అయితే ఆ కొత్త ఫోను ధర 24,000 రూపాయలు. అలాంటప్పుడు కొత్త ఫోను విలువ 24,000గానే లెక్కించాలని నియమం చెబుతోంది. అంటే దుకాణదారుకు ముట్టింది 20,000 ఒక్కటే అనుకోవడానికి లేదు. పాత ఫోను కూడా చెల్లింపులో భాగమే. మిగిలిన 4,000 ఆ ఫోను రూపంలో ముట్టింది. ఫోను ఉన్న చోట వాచీ పెట్టి చూడండి, సూత్రం మారదు. అదే నియమావళిలో 32వ నియమం పాత వస్తువుల వ్యాపారం గురించి చెబుతూ, వాడిన వస్తువును కొని, దాని స్వభావం మారకుండా చిన్నపాటి మరమ్మతుతో తిరిగి అమ్మే వ్యాపారికి, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీద పన్ను లెక్కగట్టే వీలు కల్పించింది. పాత వస్తువుకు కొనుగోలు ధర, అమ్మకం ధర, మధ్యలో లాభం ఉంటాయని పన్నుల చట్టం గుర్తించింది. ఇచ్చేవాళ్లం మనమే గుర్తించకపోతే ఎలా?

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఉదాహరణకు 8,000 రూపాయల వాచీ ఒకటి నచ్చింది అనుకుందాం. పాత వాచీ ఇస్తే 20 శాతం తగ్గిస్తామన్నారు. 1,600 తగ్గి, 6,400 కట్టాలి. పాత వాచీకి 1,600 వచ్చిందని సంతోషపడతాం. కానీ అదే వాచీ మీద, పాతదేమీ అడగకుండానే, పండుగ తగ్గింపు 15 శాతం ఉందనుకోండి. అప్పుడది 6,800కే వస్తుంది. రెండు ధరల మధ్య తేడా 400. మన పాత వాచీకి నిజంగా ముట్టింది ఆ 400 మాత్రమే. పక్క వీధిలో ఇంకెవరైనా మామూలుగానే 20 శాతం తగ్గించి అమ్ముతుంటే, పాత వాచీని ఉచితంగా ఇచ్చేసినట్టే. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. తగ్గింపు కొత్త వాచీ ధర మీద శాతంగా ఉంటుంది. అదే పాత వాచీ తీసుకెళ్లి 2,000 రూపాయల వాచీ కొంటే 400 తగ్గుతుంది, 20,000 రూపాయల వాచీ కొంటే 4,000 తగ్గుతుంది. పాత వాచీ ఒక్కటే, అందులో ఒక్క మర కూడా మారలేదు. ఒకే వస్తువుకు ఒకే రోజున, ఒకే కౌంటరు దగ్గర పదింతల తేడాతో రెండు ధరలు ఎలా ఉంటాయి? ఉండవు. కాబట్టి బోర్డు మీద ఉన్న శాతం పాత వాచీకి కట్టిన ధర కాదు, మనల్ని మరింత ఖరీదైన వాచీ వైపు నడిపించడానికి పెట్టిన మెట్టు. ఎక్కువ పెట్టి కొంటే ఎక్కువ మిగులుతుందనే భ్రమకు ఇక్కడే బీజం పడుతుంది.

దుకాణదారుల పక్షాన కూడా ఒక న్యాయమైన మాట ఉంది, అది చెప్పకపోతే విచారణ పూర్తికాదు. కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగి వాచీ మరమ్మతు తెలిసినవాడు కానవసరం లేదు. వచ్చే వాచీల్లో ఎక్కువ భాగం పనికిరానివే కావచ్చు. ప్రతిదాన్నీ విప్పి వెల కట్టాలంటే సమయం, నైపుణ్యం రెండూ కావాలి. అందుకే అన్నింటికీ సగటున ఒక లెక్క పెట్టుకుంటారు. వ్యాపారికి అది సబబే. అయితే సగటు ధర పెట్టిన చోట ఎవరు లాభపడతారు, ఎవరు నష్టపోతారు అన్నది ఆర్థికశాస్త్రంలో తేలిన విషయం. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం ప్రచురించారు. కొనేవారికి సరుకు మంచి చెడ్డలు తెలియనప్పుడు అన్నింటికీ సగటు ధరే పలుకుతుందని, ఆ ధరకు మంచి కారున్నవారు అమ్మడానికి ముందుకు రారని, చివరికి బజారులో నాసిరకమే మిగులుతుందని ఆయన వివరించారు. ఆ రకం పరిశోధనకే 2001లో ఆయన మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. వాచీల మార్పిడికి ఈ సూత్రాన్ని అన్వయిస్తే మనం చేయవలసినది స్పష్టంగా కనిపిస్తుంది. సగటుకన్నా తక్కువ వాచీ ఉన్నవారికి ఈ బేరం లాభం. సగటుకన్నా మంచి వాచీ ఉన్నవారికి నష్టం. కార్ల బజారులో మంచి కారున్న యజమాని తన కారు మంచిదని తెలిసి వెనక్కి తగ్గుతాడు. వాచీ విషయంలో చాలామందికి తమ చేతిలో ఉన్నదేమిటో తెలియదు. అందుకే మంచి వాచీలు కూడా మార్పిడి పెట్టెలో పడిపోతున్నాయి.

కాబట్టి మన దగ్గర ఉన్నది ఏ రకం వాచీయో తెలుసుకోవడం మొదటి పని. ఇది కష్టమైన పని కాదు. సెకండ్ల ముల్లును చూస్తే సగం తెలుస్తుంది. ముల్లు సెకనుకొకసారి ఆగి ఆగి కదిలితే అది సాధారణంగా సెల్లు మీద నడిచే క్వార్ట్జ్ వాచీ. ఆగకుండా జారుతున్నట్టు కదిలి, చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కు టిక్కుమని వేగంగా వినిపిస్తే అది కీ ఇచ్చే వాచీ, లేదా చేతి కదలికతో తనంతట తానే కీ తిరిగే ఆటోమేటిక్. కీ ఇచ్చే వాచీలో చుట్ట చుట్టిన స్ప్రింగు బలం చక్రాల వరుస మీదుగా బ్యాలెన్స్ వీల్‌కు చేరుతుంది. ఆ చక్రం అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని కొలుస్తుంది. మన పాత వాచీల్లో చాలావాటికి గంటకు 18,000 కదలికలు. రోజుకు 4,32,000, ఏడాదికి 15 కోట్ల 76 లక్షల 80 వేలు. ఇంత రాపిడిని తట్టుకోవడానికే ఇరుసుల కింద కృత్రిమంగా తయారుచేసిన కెంపులు పెడతారు. డయల్ మీద 17 జ్యువెల్స్ అని రాసి ఉండేది వాటి సంఖ్యే. ఏళ్లు గడిస్తే ఇరుసుల దగ్గర వేసిన నూనె ఎండి జిగురవుతుంది, సన్నని దుమ్ము చేరుతుంది, వాచీ ఆగుతుంది. చాలా సందర్భాల్లో దానికి వచ్చిన జబ్బు అంతకు మించి ఉండదు. భాగాలు విప్పి, కడిగి, కొత్త నూనె వేసి, తిరిగి బిగిస్తే మళ్లీ నడుస్తుంది. ఆగిపోయిన వాచీ అంటే చచ్చిపోయిన వాచీ అని అర్థం కాదు. మార్పిడి బోర్డు మీద నడవని వాచీ అయినా సరే అని రాసినప్పుడు మనం గుర్తుపెట్టుకోవలసింది ఇదే.

క్వార్ట్జ్ వాచీ కథ వేరు. అందులో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను సర్క్యూటు వరుసగా 15 సార్లు సగానికి తగ్గిస్తూ వస్తే సెకనుకు ఒక్క స్పందన మిగులుతుంది. ఆ స్పందనే ముల్లును నడుపుతుంది. కాలం చూపడంలో ఇది కీ వాచీకన్నా చాలా కచ్చితమైనది, ఆ గౌరవం దానికి ఇవ్వవలసిందే. అయితే చవక క్వార్ట్జ్ వాచీలో సర్క్యూటు పోతే భాగాన్ని బాగుచేయరు, మొత్తం యంత్రాన్నే తీసేసి కొత్తది పెడతారు. సెల్లు అయిపోయిన వాచీని అలాగే సొరుగులో వదిలేస్తే సెల్లు కారి లోపలి భాగాలను తినేసే ప్రమాదం ఉంది. అలాంటి వాచీకి బజారులో పెద్దగా వెల ఉండదు. స్మార్ట్ వాచీ మూడో రకం. దాని బ్యాటరీ ఏడాదికేడాది బలహీనపడుతుంది, కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆపేస్తుంది, వాచీ కొత్త ఫోనుతో పనిచేయడం మానేస్తుంది. దాని విలువ కాలంతోపాటు వేగంగా కరిగిపోతుంది. ఈ రెండు రకాల విషయంలో మార్పిడి మంచి దారే అని నేను నిస్సంకోచంగా చెబుతాను. పాడైన చవక క్వార్ట్జ్, వాడకం మానేసిన స్మార్ట్ వాచీ ఉంటే ఆలస్యం చేయకుండా ఇచ్చేయండి. ఆగవలసింది కీ ఇచ్చే వాచీ, ఆటోమేటిక్ వాచీ చేతిలో ఉన్నవారు.

మన తెలుగు ఇళ్ల సొరుగుల్లో ఉన్న కీ వాచీల్లో హెచ్.ఎం.టి.ది పెద్ద భాగం. ప్రభుత్వ రంగంలో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ 1953లో మొదలైంది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో చేతి గడియారాల తయారీ ప్రారంభించింది. జనతా, సుజాత, పైలట్, కోహినూర్, కాంచన్ వంటి పేర్లు ఒక తరం మణికట్టు మీద నిలిచాయి. మన ఇళ్లలో పెళ్లికి అల్లుడికి పెట్టిన వాచీ, ఉద్యోగ విరమణ రోజున తోటివారు తొడిగిన వాచీ చాలాచోట్ల అవే. చూపులేనివారు ముళ్లను తడిమి సమయం తెలుసుకునే బ్రెయిలీ వాచీలు కూడా ఆ సంస్థ చేసింది. హైదరాబాద్‌లో ఆల్విన్ సంస్థ సీకో సహకారంతో వాచీలు తయారుచేసింది. 1984లో తమిళనాడు ప్రభుత్వ సంస్థ, టాటాలు కలిసి స్థాపించిన టైటాన్, హోసూరు నుంచి క్వార్ట్జ్ వాచీలతో దేశాన్ని నింపాక బజారు తిరగబడింది. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్ కంపెనీ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆల్విన్ వాచీలు అంతకు ముందే బజారులోంచి వెళ్లిపోయాయి. అంటే ఏటా లక్షల్లో వచ్చిన ఆ ప్రవాహం ఆగింది. ఆనాటి వాచీల్లో ఇప్పుడు మిగిలినవి ఎక్కువగా మన ఇళ్లలో ఉన్నవే. అవి ఒక్కొక్కటీ సగటు లెక్క పెట్టెలోకి వెళుతున్నకొద్దీ మనకు తెలియకుండానే తరుగుతున్నాయి.

కొత్త పద్ధతి వచ్చిన హడావుడిలో పాతదానికి తుక్కు ధర కట్టడం సామాన్యులే చేసిన పొరపాటు కాదు. నిపుణులూ చేశారు. 1969 డిసెంబరులో జపాన్ కంపెనీ సీకో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత స్విట్జర్లాండ్ పరిశ్రమ కుప్పకూలింది. 1970లో సుమారు 90,000 మంది పనిచేసిన ఆ రంగంలో 1980ల మధ్యనాటికి 30,000 మంది పైచిలుకు మిగిలారు. అదే కాలంలో లె లాక్ల్ పట్టణంలోని జెనిత్ కంపెనీ యాజమాన్యం, కీ వాచీల తయారీ ఆపేసి, ఎల్ ప్రిమెరో అనే యంత్రం చేసే పనిముట్లన్నింటినీ తుక్కు కింద అమ్మేయాలని ఆదేశించింది. అక్కడ పనిచేసే చార్లెస్ వెర్మో ఆ ఆదేశాన్ని ఒప్పుకోలేకపోయారు. పనిముట్లను, అచ్చులను, తయారీ వివరాలను కర్మాగారం అటకమీదికి చేర్చి దాచారు. 1980లలో కీ వాచీలకు మళ్లీ గిరాకీ వచ్చినప్పుడు ఆ అటక మీది సామగ్రే కంపెనీని నిలబెట్టింది. 1988లో రోలెక్స్ తన డేటోనా వాచీకి ఎల్ ప్రిమెరో యంత్రాన్నే ఆధారం చేసుకుంది. తుక్కు ధర కట్టినవాళ్లు ఆ వస్తువును తయారుచేసినవాళ్లే. ఇంకో పక్క చూడండి. 2022 డిసెంబరులో అదే రోలెక్స్, తాను పరీక్షించి ధ్రువీకరించిన పాత వాచీలను అధికారికంగా అమ్మే పద్ధతి మొదలుపెట్టింది. పరీక్షించి ధర కట్టడమే అక్కడ అసలు వ్యాపారం. పాత వాచీని విప్పి చూస్తే విలువ తెలుస్తుందని తయారీదారులకు తెలుసు.

అవి లక్షల రూపాయల స్విస్ వాచీలు, మా ఇంటి జనతా వాచీకి అంత సీను లేదు కదా అంటారేమో. నిజమే. హెచ్.ఎం.టి. వాచీలు కోట్ల సంఖ్యలో తయారయ్యాయి. మామూలు జనతా వాచీ అమ్మి ఎవరూ ధనవంతులు కారు. అలాంటి ఆశ పెడితే అది నా వైపు నుంచి అన్యాయమవుతుంది. నేను చెబుతున్నది వాచీ వెల ఎక్కువని కాదు, చూడకుండా వెల కట్టకూడదని. అసలు డయల్, అసలు ముళ్లు, అసలు కీ పుల్లతో బాగున్న వాచీకి సేకరించేవారిలో ఒక ధర ఉంటుంది. డయల్‌కు కొత్త రంగు వేసి, ఒక వాచీ భాగాలు ఇంకోదానికి తగిలించినదానికి ఆ ధర రాదు. అలా అతుకుల బొంతగా చేసిన హెచ్.ఎం.టి. వాచీలు ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతున్నాయి. కాబట్టి అమ్మేముందు మెరుగులు దిద్దాలని డయల్ రంగు వేయించకండి. మరకలున్న అసలు డయలే తెలిసినవారికి కావలసినది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. సర్వీసింగుకు అయ్యే ఖర్చు వాచీ వెలకన్నా ఎక్కువవుతుంది, పైగా మంచి మెకానిక్కులు దొరకడం లేదు, కాబట్టి పాత వాచీ ఉంచుకోవడం దండగ అంటారు. ఖర్చు విషయం కొన్ని వాచీలకు నిజం. కానీ పోల్చవలసింది సర్వీసింగు ఖర్చును పాత వాచీ అమ్మకపు వెలతో కాదు, మనం కొనబోయే కొత్త వాచీ ధరతో. బాగుచేయించిన కీ వాచీ మరికొన్నేళ్లు నడుస్తుంది. కట్టుకోవడానికి వాచీ కావాలన్నదే అవసరమైతే, 8,000 పెట్టి కొత్తది కొనడానికీ, అందులో చిన్న భాగంతో ఉన్నదాన్ని నడిపించడానికీ మధ్య ఎంపిక మన ముందుంది. ఇక మెకానిక్కుల సంగతి. కంటికి అద్దం తగిలించుకుని, చిమటాతో వెంట్రుకంత స్ప్రింగును సరిచేసే మనిషి ప్రతి ఊరి బజారులోనూ ఒకప్పుడు ఉండేవాడు. ఇప్పుడు ఆ బల్లలు తగ్గిపోయాయి. సమయం చూడడానికి ఫోను రావడం ఒక కారణం. బాగుచేయించుకునే వాచీలను మనం మార్పిడి పెట్టెలో వేయడం ఇంకో కారణం. పని తగ్గితే పనివాడు ఉండడు, పనివాడు లేకపోతే పని ఇవ్వలేం. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచాలంటే అది మన చేతుల్లోనే ఉంది. ఆ చేతిపని కొడుకులకు అందకుండా పోతే, తర్వాత ఎంత డబ్బు పెట్టినా ఈ వాచీలను నడిపించలేం.

మూడో అభ్యంతరం, పాతవన్నీ దాచుకుంటూ పోతే ఇల్లు పాత సామాన్ల కొట్టు అవుతుందని. ఈ మాటతో నాకు పేచీ లేదు. సొరుగులో పడి ఉన్న వాచీ ఎవరికీ పనికిరాదు, దాచడం విలువను కాపాడడం కాదు. అందుకే ఉంచుకోమని ఒక్కమాటలో చెప్పడం లేదు. నాలుగు దారులున్నాయి. బాగుచేయించి కట్టుకోవచ్చు. ఇంట్లో కావాలనుకునే పిల్లలకు ఇవ్వవచ్చు. విలువ తెలిసినవారికి విడిగా అమ్మవచ్చు. ఈ మూడూ కుదరనప్పుడు మార్పిడికి ఇవ్వవచ్చు. మార్పిడి నాలుగో దారిగా ఉన్నంతసేపు మంచిదే. ఆలోచన లేకుండా మొదటి దారి అయినప్పుడే నష్టం. తిరగడం, అడగడం ఎవరికి తీరిక అనేవారికి కూడా ఇదే జవాబు. ఆ సౌకర్యానికి ఒక వెల ఉంది, ఆ వెల ఎంతో తెలిసి చెల్లిస్తే అది మీ ఇష్టం. తెలియకుండా చెల్లించడమే కూడదు.

ఇక చేయవలసిన పనులు చెప్పి ముగిస్తాను. దుకాణానికి వెళ్లేముందు పాత వాచీ ఏ రకమో చూసుకోండి. డయల్ మీద, వెనక మూత మీద ఉన్న పేర్లు, అంకెలు కాగితం మీద రాసుకోండి, ఫోటో తీసి ఉంచుకోండి. మూత మీరే తీయబోకండి, అనుభవం ఉన్న మెకానిక్‌కు ఒకసారి చూపించండి. ఆ చూపించడంలోనే దాని వెల సగం తేలుతుంది. స్మార్ట్ వాచీ ఇచ్చేటట్లయితే ఫోనుతో ఉన్న జత తెంచి, అందులోని మీ సమాచారమంతా తుడిచేశాకే ఇవ్వండి. కొత్త వాచీ ధర ముందు తేల్చుకోండి, రెండు మూడు చోట్ల విచారించండి, మీ దగ్గర పాత వాచీ ఉందన్న సంగతి ఆ తర్వాతే బయటపెట్టండి. మార్పిడి తగ్గింపుతోపాటు పండుగ తగ్గింపు కూడా వర్తిస్తుందో లేదో అడగండి. పాత వాచీకి ఎంత కట్టారో బిల్లులో విడిగా చూపించమనండి. మీ పాత వాచీ ఎటు వెళుతుందో, అందులోని సెల్లు చెత్తలో పడకుండా ఏం చేస్తారో కూడా అడగండి, బ్యాటరీల వ్యర్థాల నిర్వహణకు 2022 నుంచి దేశంలో నియమాలున్నాయి. ప్రకటనలో ఒకటి చెప్పి కౌంటరు దగ్గర ఇంకొకటి చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయండి.

ఇవన్నీ గుర్తుండకపోయినా ఒక్క ప్రశ్న గుర్తుంచుకోండి. కొత్త వాచీ చేతికి పెట్టి చూసుకుంటున్నప్పుడు, ఇంకా బేరం తెగకముందు, కౌంటరు దగ్గర నిలబడి అడగండి: నేను పాత వాచీ ఇవ్వకపోతే దీని ధర ఎంత? వచ్చిన జవాబులోంచి మార్పిడి ధర తీసేయండి. మిగిలిన అంకె మీ నాన్నగారి వాచీకో, తాతగారి వాచీకో ఆ దుకాణం కట్టిన వెల. ఆ వెల మీకు సమ్మతమైతే ఆనందంగా ఇచ్చి కొత్తది కట్టుకోండి. సమ్మతం కాకపోతే పాత వాచీ జేబులో వేసుకుని, కొత్తది కొనండి, లేదా మానండి. అడిగే హక్కు మీది, ఆ హక్కును వదులుకోకండి.